చేతులు చూసే జగ్గారావు

జగ్గారావుతో కలిసి పాలు కొనడానికి వెళ్ళినవాళ్ళెవరూ రెండోసారి వెళ్ళరు. ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పి చూస్తాడు, తేదీ చదువుతాడు, ఆ తేదీ అచ్చువేసిన సిరాను గోటితో గీకి చూస్తాడు. బస్సెక్కితే తన టిక్కెట్టు నంబరూ ముందు సీటువాడి టిక్కెట్టు నంబరూ వరసలో ఉన్నాయో లేదో మెడ చాచి పోల్చుకుంటాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల కాఫీ తెచ్చిస్తే, అది కలిపింది పిల్లేనా అని ఆరా తీశాడట. కలిపింది వాళ్ళ వదిన. ఆ సంగతి కనిపెట్టినందుకే ఈయన్ని చేసుకున్నానని భార్య నూకరత్నం ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్వుతుంది. అందులో మెచ్చుకోలు ఎంతో వెక్కిరింత ఎంతో తేలక, జగ్గారావు ఆ మాటను కూడా అనుమానంగానే చూస్తాడు.

ఈ గుణం అతనికి ఎక్కడినుంచో ఊడిపడలేదు. పుట్టింది విశాఖపట్నం పెదజాలారిపేటలో. తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాడు. తల్లి అసిరమ్మ హార్బరులో వేలంపాటకు నిలబడి చేపల గంపలు కొని, కంచరపాలెం వీధుల్లో తిరిగి అమ్మేది. బడి లేని రోజుల్లో కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళేది. గంప నింపేవాళ్ళు పైన నిగనిగలాడే చేపలు పేర్చి, నలిగినవి అడుగున కప్పెయ్యడం అక్కడ మామూలే. కొనేవాళ్ళంతా చేపల్నీ పాటగాడి నోటినీ చూస్తుంటే, అసిరమ్మ మాత్రం గంప నింపేవాడి చేతుల్ని చూసేది.

“మూతి ఎన్నయినా సెప్తాది నాయనా. నువ్వు సేతులు సూడు. దాయాలనుకున్నోడి సెయ్యి కూసింత తొందరపడతాది” అని కొడుక్కి నేర్పింది.

ఆ చదువు ఒంటబట్టినంతగా తర్వాత యూనివర్సిటీలో చదివిన ఎమ్మెస్సీ ఒంటబట్టలేదు. అయినా ఎమ్మెస్సీయే ఉద్యోగం ఇప్పించింది. తొంభైల మొదట్లో, ఊళ్ళో సముద్రం మీద పరిశోధన చేసే ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటర్ల విభాగంలో చేరాడు. తుఫాను వస్తే సముద్రం ఏ ఊరి మీదికి ఎంత దూరం పొంగుతుందో అక్కడ లెక్క కట్టేవారు. లెక్క పెద్దది, ఉన్న కంప్యూటరు చిన్నది. తుఫాను తీరం దాటి, జనం తమ పైకప్పులు వెతుక్కుంటున్న సమయానికి గానీ లెక్క తేలేది కాదు. నిన్నొచ్చిన ఉప్పెన గురించి రేపు చెప్పే ఆఫీసు అని పేటలో ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళి చేసేవాళ్ళలో సొంత మేనమామలు ఉండేవారు, తుఫాను రోజుల్లో పడవలమీద ఉండేదీ వాళ్ళే. అందుకని జగ్గారావుకు అది నవ్వుతాలుగా అనిపించేది కాదు.

అప్పట్లో పెద్ద సూపర్‌కంప్యూటర్లను బయటి దేశాలు మనకు తేలిగ్గా అమ్మేవి కావు. చిన్న యంత్రాలు కొన్నింటిని కలిపి ఒక్కటిగా పనిచేయించే పద్ధతి మొదలైంది. సముద్రం పటాన్ని పట్టీలుగా కోసి ఒక్కో యంత్రానికి ఒక్కో పట్టీ అప్పగిస్తారు. ప్రతిదీ తన పట్టీ లెక్క కొంత చేసి, అంచులో తేలిన అంకెల్ని పక్కదానికి అందిస్తుంది, పక్కదాని అంకెల్ని తను అందుకుంటుంది, ఆ తర్వాతే అడుగు ముందుకేస్తుంది. పదిమంది ఒడ్డున నిలబడి పెదవల లాగడం చూసినవాడికి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అందరూ ఒక్క ఊపున లాగాలి. ఒక్కడు చేతులు సడలిస్తే మిగతావాళ్ళు ఎంత బలవంతులైనా వల కదలదు.

ఇలాంటి యంత్రాలు అమ్మేవాళ్ళు గొప్పలు చెబుతారు. ఆ గొప్పల్లో నిజమెంతో తేల్చాలంటే ఒకే లెక్కను, ఒకే తీరున, ఒక్కో యంత్రం మీదా నడిపించి టైము చూడాలి. దాన్ని బెంచ్‌మార్క్ అంటారు. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఎదుటివాడి మాట నమ్మకపోవడానికి జీతమిచ్చే పని. ఇంట్లో తిట్లు తినిపించిన గుణానికే ఆఫీసులో కుర్చీ వేశారు.

మొదట వచ్చిన కంపెనీ ఇంజనీరు టై కట్టుకుని వచ్చాడు. అతను తెచ్చిన పెట్టెలో ఎనిమిది ప్రాసెసర్లున్నాయి. ముందు ఒక్కదానితో లెక్క నడిపించి టైము రాయించాడు, తర్వాత ఎనిమిదింటినీ కలిపి నడిపించి టైము రాయించాడు. వేగం దాదాపు ఎనిమిది రెట్లు. అందరూ చప్పట్లు కొట్టారు. విభాగానికి పెద్దయిన కామరాజు గారు టీ తెప్పించారు. జగ్గారావు ఆ టీ ముట్టలేదు. అతను తెరను చూడలేదు, కీబోర్డు మీద ఇంజనీరు చేతుల్ని చూశాడు. ఒక్కదానితో నడిపినప్పుడు కొట్టిన ఆజ్ఞ పొట్టిది. ఎనిమిదింటితో నడిపినప్పుడు దానికి చివర ఇంకో ముక్క తగిలింది, ఆ ముక్క కొట్టేటప్పుడు చెయ్యి కూసింత తొందరపడింది. ప్రోగ్రాముకు పదును పెట్టమని యంత్రానికి చెప్పే ముక్క అది. ఒక్కదానికి మొద్దు కత్తి ఇచ్చి, ఎనిమిదింటికీ పదునైన కత్తులిచ్చి, చూశారా ఎనిమిదిమంది ఎంత వేగంగా కోశారో అంటున్నాడన్నమాట. అందరికీ ఒకే కత్తి ఇచ్చి మళ్ళీ నడిపించమంటే ఎనిమిది రెట్లు కాస్తా నాలుగుకు దిగింది. ఇంజనీరు టై వదులు చేసుకుని మంచినీళ్ళడిగాడు.

ఆ కథ వేరే ఊళ్ళ ఆఫీసులకూ పాకింది. పెద్ద యంత్రం ఎక్కడ కొన్నా విశాఖపట్నం నుంచి అనుమానం జగ్గారావును పిలిపించండి అనేవారట. ఆ బిరుదు విన్నప్పుడల్లా అతను బయటికి చిరాకు పడి లోపల మురిసిపోయేవాడు.

ఇంత అనుమానపు మనిషికీ ఒక్క మినహాయింపు ఉండేది. అతని పేరు కృపాకర్. మల్కాపురం వాడు. తండ్రి రిఫైనరీలో పనిచేసి రిటైరయ్యాడు. కంప్యూటరు చదువు చదివినా పోస్టులు లేక, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద ఈ విభాగంలో చేరాడు. ఆదివారాలు చర్చిలో పాడతాడు, మిగతా రోజుల్లో వైర్లు కలుపుతూ అదే పాట లోలోపల పాడుకుంటాడు. మొదటి నెలలోనే ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నారు. మధ్యాహ్నం ఒకరి క్యారేజీలోది ఒకరు తినేవారు. భార్య వండిన కూరను కూడా వాసన చూసి గానీ నోట్లో పెట్టని జగ్గారావు, కృపాకర్ డబ్బాలోది మాత్రం చూడకుండా తినేసేవాడు. ఆ సంగతి తెలిసి నూకరత్నం వారం రోజులు మాట్లాడలేదు.

రెండువేల మూడులో ఆఫీసు కొత్త దారి తొక్కింది. కంపెనీవాళ్ళ పెట్టెలు కొనడం మానేసి, మామూలు కంప్యూటర్లు పదహారు తెచ్చి, ఇనుప అరల్లో పేర్చి, వాళ్ళే కలుపుకున్నారు. కలిపింది కృపాకర్, పరీక్షలు పెట్టింది జగ్గారావు. పాత తుఫాను ఒకదాన్ని తీసుకుని దాని ఉప్పెనను లెక్క కట్టించారు. వెనక రోజులు రోజులు పట్టిన లెక్క పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకు తేలిపోయింది. జగ్గారావు నమ్మలేదు. విప్పి మళ్ళీ కలిపించాడు, మళ్ళీ నడిపించాడు, అంకెలన్నీ పాత అంకెలతో సరిచూశాడు. నిజమే. హైదరాబాదు నుంచి పెద్దలు వచ్చి చూసి వెళ్ళారు, పేపర్లో ఫొటో పడింది. కామరాజు గారు ఆ ఊపులో, కృపాకర్‌ని పర్మనెంటు చేద్దాం, ఏడాది చివర నువ్వు రాసే రిపోర్టును బట్టి ఉంటుంది అని జగ్గారావుతో అన్నారు. కృపాకర్‌కి అప్పటికే పెళ్ళి కుదిరింది. ఉద్యోగం ఖాయమయ్యాకే ముహూర్తం పెట్టుకుందామని పిల్ల తరఫువాళ్ళు ఆగి ఉన్నారు.

పేపర్లో ఫొటో చూసి అసిరమ్మ బెంగపడిపోయింది. ఇంతమంది కళ్ళు పడ్డాక ఊరికే ఉండకూడదంది. పేటలో కొత్త పడవ నీళ్ళలోకి దిగితే గంగమ్మకు పెట్టిన పసుపు గుడ్డను, లోపల వేపరెమ్మలు చుట్టి, పడవ ముక్కుకు కడతారు. కట్టేది సొంతదారే కట్టాలి. కట్టాక దాని గురించి మాట్లాడకూడదు. ఇంకొకరు విప్పకూడదు. వేసవిలో వేట ఆపే రోజులు అయిపోయి పడవలు మళ్ళీ బయల్దేరేటప్పుడు పాతదాన్ని సముద్రంలో వదిలి కొత్తది కట్టుకుంటారు. ఆ గుడ్డ తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

జగ్గారావు ఎవరినైనా అనుమానించగలడు గానీ గంగమ్మను అనుమానించే గుండె అతనికి లేదు. కామరాజు గారు చూస్తే నవ్వుతారని సిగ్గు మాత్రం ఉంది. పదహారింటిలో మొదటి కంప్యూటరు కింది అరలో గోడ మూలకుంది. దాన్నే యంత్రానికి ముక్కు అనుకున్నాడు. గోడవైపు పక్కన, చిల్లుల రేకుంటే దానికి గుడ్డను గట్టిగా ముడేసి, ఎవరికీ కనబడకుండా అర వెనక్కి తోశాడు. కళ్ళకద్దుకుని బయటికొచ్చాక ప్రాణం కుదుటపడింది.

ఆ మర్నాటి నుంచే యంత్రం నెమ్మదించింది.

భోజనాల వేళకు తేలే లెక్క సాయంత్రానికి గానీ తేలడం లేదు. చూశావా, అమ్మ చెప్పినట్టే దిష్టి తగిలింది, గుడ్డ కట్టాను కాబట్టి ఇంతటితో పోయింది అనుకున్నాడు మన పరీక్షాధికారి. తర్వాత బుద్ధిగా పనిలోకి దిగాడు. వైర్లు మార్చాడు. కరెంటు చూశాడు. ఏదైనా ఒకటి మందకొడిగా ఉందేమోనని ఒక్కోదాని మీదా విడిగా చిన్న లెక్క నడిపించాడు. అన్నీ ఒకేలా పరుగెత్తాయి. అన్నీ బాగున్నాయి, కలిస్తే బాగులేవు. ఇలాంటిది అతను ఎన్నడూ చూడలేదు.

ఇంకో చిత్రం కూడా కంటబడింది. యంత్రం రోజూ నెమ్మదిగా ఉండటం లేదు. ఆ గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. పొద్దున జగ్గారావు గది తెరిచి లెక్క మొదలుపెట్టిన రోజున యంత్రం ఈడ్చుకుంటూ నడుస్తోంది. కృపాకర్ తెరిచి మొదలుపెట్టిన రోజున చక్కగా పరుగెత్తుతోంది. మొదట ఇది కాకతాళీయం అనుకున్నాడు. కావాలని వంతులు మార్చి చూశాడు. కృపాకర్ చెయ్యి పడితే వేగం, తన చెయ్యి పడితే నత్తనడక. అనుమానించడం చేతకాని మనిషికి కూడా ఇక్కడ అనుమానం వస్తుంది. జగ్గారావు సంగతి చెప్పేదేముంది.

ఆ రోజు నుంచి అతను కృపాకర్ డబ్బాలోది వాసన చూసి తినడం మొదలుపెట్టాడు.

ఏం చేస్తూ ఉండొచ్చు? బయటి కాలేజీ ఎవరిదో లెక్క చాటుగా ఎక్కించి, తన వంతు వచ్చినప్పుడు ఆపేస్తున్నాడేమో. తను లేకపోతే యంత్రం నడవదని చూపించుకుంటే పర్మనెంటు ఖాయమనుకున్నాడేమో. లేదంటే వెనకటి టై కట్టిన కంపెనీవాళ్ళు డబ్బిచ్చి వీణ్ణి లోబరుచుకున్నారేమో. ఒకరోజు భోజనానికి కూర్చుంటే, ఇంకా క్యారేజీ విప్పకముందే కృపాకర్ వేళ్ళ చివర్లు పచ్చగా కనబడ్డాయి. కూర పసుపే అది, అంటే ఎక్కడో ఎవరితోనో తినేసి వచ్చాడు, వచ్చి తినలేదని నటిస్తున్నాడు అని జగ్గారావు తేల్చుకున్నాడు. ఎవరితో తిన్నాడో తెలుసుకోవాలని వారం రోజులు అతని వెనకాల కాంటీను దాకా నడిచాడు.

ఇంకొకరోజు గది అద్దంలోంచి చాటుగా చూశాడు. కృపాకర్ మూలన వంగి, అర వెనక్కి చెయ్యి పెట్టి ఏదో చేస్తున్నాడు. ఆ చేతులు తొందరపడుతున్నాయి. వేలంపాటలో గంప నింపేవాడి చేతుల్లాగే ఉన్నాయి. జగ్గారావు తలుపు తోసుకుని లోపలికెళ్ళి, ఆ మూల ఏటి సేత్తన్నావని అడిగాడు. కృపాకర్ ఉలిక్కిపడి చేతులు రుమాలుకు తుడుచుకున్నాడు.

“ఆ మూల మిషన్ బాగా ఏడెక్కుతంది బావా. గాలి ఆడతందో లేదోనని సూత్తన్నాను. నువ్వు కూడా ఓపాలి సూడు” అన్నాడు.

కృపాకర్ వెళ్ళాక జగ్గారావు నిజంగానే వంగి చూశాడు. అప్పటికింకా లెక్క మొదలవలేదు, యంత్రం చల్లగానే ఉంది. అమ్మ ఇచ్చిన గుడ్డ ముడి వేసినట్టే ఉంది. దాన్ని కళ్ళకద్దుకున్నాడు. వేడి లేదు ఏమీ లేదు, వీడు అబద్ధమాడాడు అనుకున్నాడు. గుడ్డ పదిలంగా ఉందన్న తృప్తి ఒక్కటే మిగిలింది.

మార్చిలో, ఆఫీసు ఏడాది చివర కామరాజు గారు రిపోర్టు అడిగారు. జగ్గారావు మూడు రోజులు నలిగాడు. పెళ్ళి ఆగిపోతుందని తెలుసు. తన మాట తప్పయితే ఆ పాపం తనకే చుట్టుకుంటుందనీ తెలుసు. కానీ కళ్ళతో చూసింది చూడలేదని ఎలా రాస్తాడు? కృపాకర్ ఒంటరిగా ఉన్నప్పుడు యంత్రం తీరు మారుతోందని, కారణం అడిగితే దాటవేస్తున్నాడని, ఆ గదిని అతనికి అప్పగించడం క్షేమం కాదని రాశాడు. కాంట్రాక్టు పొడిగించలేదు.

ఆఖరి రోజు కృపాకర్ తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎందుకిలా రాశావని అడగలేదు. ఎండలు ముదురుతున్నాయి, ఆ మూల దాన్ని జాగ్రత్తగా చూసుకో అని చెప్పి వెళ్ళిపోయాడు. జగ్గారావు తాళంచెవిని తీసి వాసన చూశాడు, సబ్బు మీద అచ్చేమైనా తీశాడేమోనని.

కృపాకర్ వెళ్ళాక యంత్రం బాగుపడాలి. బాగుపడలేదు. ఇక రోజూ నత్తనడకే, ఎండలు పెరిగేకొద్దీ మరీ దిగజారింది. పోతూ పోతూ ఏదో పెట్టి పోయాడని జగ్గారావు పదహారింటినీ తుడిచేసి అన్నీ మళ్ళీ కొత్తగా ఎక్కించాడు. లాభం లేకపోయింది. కామరాజు గారు మొహం చిట్లించడం మొదలుపెట్టారు. ఇంట్లో నూకరత్నం, ఆ అబ్బాయి పెళ్ళి తప్పిపోయిందటగా అని ఒక్కసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్‌లో వేట మళ్ళీ మొదలైంది. పడవలకు కొత్త గుడ్డలు కడుతున్నారు, నీదీ మార్చు అంటూ అసిరమ్మ కొత్తది పంపింది. జగ్గారావు పొద్దున్నే వెళ్ళి పాతది విప్పాడు. దాన్ని సముద్రంలో వదిలాక గానీ కొత్తది కట్టకూడదు కాబట్టి, సాయంత్రం బీచికి తీసుకెళ్దామని సంచిలో పెట్టుకున్నాడు. ఈలోగా బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని కబురొచ్చింది. లెక్క మొదలుపెట్టమన్నారు కామరాజు గారు. మొదలుపెట్టి, సాయంత్రం దాకా పని లేదు కదా అని జగ్గారావు బ్యాంకుకు వెళ్ళాడు. భోజనాల వేళకు తిరిగొస్తే లెక్క తేలిపోయి ఉంది.

మొట్టమొదట అతని కళ్ళు కృపాకర్ కోసం వెతికాయి. దొంగతనంగా లోపలికి వచ్చి వెళ్ళాడని ఒక్క క్షణం గట్టిగా నమ్మాడు కూడా. తాళం చూశాడు, తాళం బాగానే ఉంది. అప్పుడు, ఇన్నేళ్ళు పరాయి యంత్రాలకు చేసిన పనిని తన మీద తాను చేసుకున్నాడు. ఆ పొద్దున్నుంచి ఏమేం మారాయి అని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. మారింది ఒక్కటే.

సంచిలోంచి పాత గుడ్డ తీసి, పాత చోటే కట్టి, లెక్క మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి మూలనున్న కంప్యూటరు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. అది గాలి పీల్చుకునే చిల్లుల్ని గుడ్డ మూసేసింది. వేడి పెరిగేసరికి కాలిపోకుండా అది తనంతట తానే నెమ్మదించింది, మిగతా పదిహేనూ దాని కోసం కాచుక్కూర్చున్నాయి. విడిగా పెట్టిన చిన్న పరీక్షలు అది వేడెక్కేలోపే అయిపోయేవి కాబట్టి అప్పుడు ఏమీ కనబడలేదు. గుడ్డ విప్పాడు. యంత్రం మళ్ళీ అందుకుంది.

విప్పిన గుడ్డను చేతుల్లో పట్టుకుని అప్పుడు సరిగ్గా చూశాడు. తను కట్టింది ఉండలా చుట్టి. గుడ్డలో మాత్రం ఇస్త్రీ చేసినట్టు చక్కని మడతల గీతలున్నాయి. ఎవరో దాన్ని పలుమార్లు విప్పి, నేలన పడెయ్యకుండా శ్రద్ధగా మడిచి పెట్టి, లెక్క అయ్యాక మళ్ళీ ఎక్కడిది అక్కడే, ఏ ముడి ఆ ముడిగానే కట్టారు. పచ్చబడ్డ వేళ్ళు గుర్తొచ్చాయి. రుమాలు గుర్తొచ్చింది. జగ్గారావు ఆ గదిలో నేల మీద కూర్చుండిపోయాడు. సిగ్గుతో ఒళ్ళంతా మండింది, ఏడుపు రాలేదు గానీ వస్తే బాగుండుననిపించింది.

లేచి కామరాజు గారి దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

“ఫ్రెండు పెళ్ళి చెడిపోయిందని బాధగా ఉన్నట్టుంది. అందుకని నెపం నీ మీద వేసుకుని గుడ్డ కథ చెబుతున్నావా? నీతో పనిచేసి మాకు కూడా అలవాటైపోయిందయ్యా జగ్గారావు, ఎవరు ఏం చెప్పినా వెనక ఇంకేముందా అని చూడటం” అన్నారు.

జగ్గారావు ఆయన్ని చెయ్యి పట్టుకున్నంత పనిచేసి యంత్రాల గదికి తీసుకెళ్ళాడు. గుడ్డ కట్టి ఒకసారి, విప్పి ఒకసారి, ఆయన కళ్ళెదుటే నడిపించాడు. ఇన్నేళ్ళలో అతను పెట్టిన పరీక్షలన్నిటిలోకీ అంత శుభ్రమైన పరీక్ష లేదు. కామరాజు గారు వేడెక్కిన రేకు మీద వేలు పెట్టి తీసేశారు. కృపాకర్ వస్తానంటే తీసుకుందాం, నువ్వే వెళ్ళి అడుగు అన్నారు.

కృపాకర్ కంచరపాలెంలో, రైలు గేటు దగ్గర ఇరుకు కొట్టు ఒకటి తీసుకుని కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. జగ్గారావు వెళ్ళేసరికి ఎవరిదో కంప్యూటరు పెట్టె మూత విప్పి పని చేసుకుంటున్నాడు. రా బావా అని ఎప్పట్లాగే పిలిచి, స్టూలు జరిపి, పని ఆపకుండానే మాట్లాడాడు. గుడ్డ సంగతి జగ్గారావు మొత్తమ్మీద చెప్పాడు.

“నీకు ముందే తెల్సు” అన్నాడు చివరికి.

“తెల్సు బావా.”

“మరి నాకెందుకు సెప్పలేదు?”

కృపాకర్ స్క్రూ ఒకటి తీసి మూతలో వేశాడు. “అమ్మ కట్టించిన గుడ్డ అది. మా ఈదిలో పడవలోళ్ళున్నారు, ఆ పద్ధతి నాకు తెల్సు. సర్చికెళ్ళేవోణ్ణి, తీసెయ్యమని నాను సెప్పితే, నువ్వు గుడ్డని అనుమానిస్తావా, నన్నా? ఏడెక్కుతందని మాత్రం సెప్పాను. నువ్వే సూసుకుంటావు, నువ్వే తీస్తావు అనుకున్నాను. అందాకా లెక్క ఆగిపోకూడదు కదాని నా వంతు రోజుల్లో మడిసి పక్కనెట్టీవోణ్ణి.”

జగ్గారావు తలాడించాడు. తను రాసిందంతా తప్పని మళ్ళీ రాసిచ్చానని, సారు రమ్మన్నారని, పర్మనెంటు కాగితం తనే దగ్గరుండి పట్టిస్తానని, పిల్ల తరఫువాళ్ళ ఇంటికి తనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటానని గబగబా చెప్పాడు. ఆ పిల్లకు వేరే సంబంధం కుదిరిపోయిందని కృపాకర్ మామూలుగా చెప్పాడు. బయట గేటు పడింది, గూడ్సు బండి ఒకటి చాలాసేపు కదిలింది. అది వెళ్ళేదాకా కృపాకర్ స్క్రూలు విప్పుతూనే ఉన్నాడు.

“నిన్ను తిట్టాలని సానా రోజులు అనుకున్నాను” అన్నాడు కృపాకర్. “ఇప్పుడు కోపం లేదు. కానీ రాను బావా.”

“తప్పు నాదని ఒప్పీసుకున్నాక కూడా ఎందుకు రావు?”

“నువ్వొచ్చి ఇంతసేపయ్యింది. నా సేతులే సూత్తన్నావు.”

జగ్గారావు చప్పున తలెత్తాడు. వచ్చాక కృపాకర్ ముఖం చూడటం అదే మొదలు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, కళ్ళకింద నల్లబడింది. ఆ ముఖంలో కోపం నిజంగానే లేదు. దాచుకున్నది ఏమైనా ఉందేమోనని అలవాటు కొద్దీ వెతికాడు. ఏమీ దొరకలేదు. ఆ చూపుకు తట్టుకోలేక కళ్ళు దించుకుంటే, మళ్ళీ చేతులే కనబడ్డాయి.